దారి తప్పినది మన గుమ్మానికి వచ్చినప్పుడు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:1-4, యెహెజ్కేలు 16:4-6



మన మెట్ట ప్రాంతంలో, జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల గ్రామాల్లో, కుక్క ఈనిన కొద్ది రోజులకు ఒక పని జరుగుతుంది. ఇంటివారు పిల్లలను ఒక్కొక్కదాన్నే ఎత్తి తిరగేసి చూస్తారు. మగపిల్లల్లో ఒకటి తాము ఉంచుకొని, మిగిలినవి అడిగినవారికి ఇస్తారు. ఆడపిల్లలను ఎవరూ అడగరు. వాటిని గోతాములో వేసి, తెల్లవారకముందే తీసికొనిపోయి ఎక్కడో వదిలి వస్తారు. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద లారీలు ఆగే హోటళ్ల దగ్గర, చేపల బజారులో, మున్నేటి గట్టున. కొన్నిసార్లు చర్చి ఆవరణలో. దేవుని స్థలము గదా, ఎవరో ఒకరు చూడకపోతారా అని వారి ధైర్యము.

గేదె ఈనినప్పుడు ఇదే లెక్క తలక్రిందులవుతుంది. పెయ్య పుడితే ఇంటిల్లిపాదికీ సంతోషము. దున్నదూడ పుడితే ముఖము మాడుతుంది. దానికి పాలు వదిలితే డబ్బు వదిలినట్టే గదా! ట్రాక్టరు వచ్చాక దున్నపోతుతో పని లేదు. దూడ చచ్చినా సూది వేసి పాలు పిండుకోవచ్చు. కనుక ఆ దూడ పొదుగు వంక చూస్తూ చూస్తూనే నీరసించి పోతుంది.

కుక్కలో ఆడది అక్కరలేదు, గేదెలో మగది అక్కరలేదు. ప్రాణము ఇచ్చినవాడు ఒక్కడే. పనికివచ్చేది, పనికిరానిది అనే లెక్క మాత్రము మనది. ఎవరికీ అక్కరలేని మూగజీవి మన గుమ్మములోనికి వచ్చినప్పుడు విశ్వాసి ఇంటివారు ఏమి చేయవలెను? ఈ నెల ఈ సంగతిని లేఖనముల వెలుగులో ఆలోచించుదము.

చూచీ చూడనట్లు పోవద్దు

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము మొదటి నాలుగు వచనములు కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదవండి. తప్పిపోయిన ఎద్దుగాని గొర్రెగాని కంటబడితే ఏమి చేయవలెనో అక్కడ దేవుడు నాలుగు మాటలు చెప్పుచున్నాడు. మొదటిది, చూచి కూడా చూడనట్లు తప్పుకొని పోవద్దు. రెండవది, దాని యజమానుని యొద్దకు తోలుకొని పో. మూడవది, యజమానుడు దూరస్థుడైనా, ఎవరో తెలియకపోయినా, నీ ఇంటికి తెచ్చి, అతడు వెదకుచు వచ్చేవరకు నీ దగ్గర ఉంచు. నాలుగవది, గాడిదగాని ఎద్దుగాని త్రోవలో పడియుంటే, నిలబడి చూడక, యజమానునితో కూడ చెయ్యి వేసి లేవనెత్తు. నిర్గమకాండము 23:4-5లో ఆ పశువు నీ పగవానిదైనా సరే ఇట్లే చేయుమన్నాడు.

మన ఊళ్లలో పాతతరము వారికి బందెలదొడ్డి గుర్తుండి ఉంటుంది. 1871లో వచ్చిన చట్టము ప్రకారము, చేనిలో పడి మేసిన పశువును ఆ దొడ్డిలో పెట్టేవారు. యజమాని వచ్చి జరిమానా కట్టి, మేత ఖర్చులు ఇచ్చి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే వేలము వేసేవారు. పంటను కాపాడుటకు అది అవసరమే. అయితే తేడా గమనించండి. బందెలదొడ్డిలో పశువు నేరస్థురాలు. మోషే ధర్మశాస్త్రములో తప్పిపోయిన పశువు అతిథి. దానిని దొడ్డిలో పెట్టుమని కాదు, నీ ఇంటికి తెమ్మని దేవుడు చెప్పెను. జరిమానా మాట లేదు. ఎన్నాళ్లు ఉంచాలో గడువు కూడా లేదు.

యజమానుడు ఎవరో తెలియని పశువును గూర్చి కూడా ఆజ్ఞ ఉన్నప్పుడు, యజమానుడే గోతాములో వేసి పారేసిన దాని సంగతి ఏమిటి? దానిని వెదకుచు వచ్చువాడు భూమి మీద లేడు. అయినా దాని అసలు యజమానుడు పైన ఉన్నాడు. అడవి జంతువులు, వేయి కొండల మీది పశువులు తనవేనని 50వ కీర్తనలో సెలవిచ్చినవాడు ఆయనే గదా.

కొందరు అడిగే సందేహములు

ఈ మాట సంఘములో చెప్పినప్పుడు పెద్దలు కొందరు నవ్వుతారు. "అయ్యగారూ, ఇక కుక్కలకు కూడా సువార్త చెప్తారా?" అంటారు. నవ్వు మంచిదే. కాని ఆ నవ్వు వెనుక మూడు సందేహములు ఉన్నవి. వాటికి జవాబు చెప్పుకొనవలెను.

మొదటిది: దేవునికి ఎడ్లను గూర్చిన చింత ఉన్నదా అని పౌలే 1 కొరింథీ 9లో అడిగెను గదా? అవును, అడిగెను. కళ్లము త్రొక్కే ఎద్దు మూతికి చిక్కము కట్టవద్దన్న ఆజ్ఞను ఎత్తి, సువార్త పనివారి జీతమును గూర్చి బోధించెను. ఎద్దుకే మేత ఉంటే పనివానికి మరి ఎక్కువ ఉండాలి గదా అని ఆయన వాదము. ఎద్దుకు మేత ఉన్నది అన్నదే దానికి పునాది. పునాది తీసివేస్తే ఆ వాదము నిలువదు. ప్రభువు కూడా విశ్రాంతిదినమున గుంటలో పడిన పశువును పైకి తీయని వాడు మీలో ఎవడున్నాడు అన్న భావముతోనే పరిసయ్యుల నోరు మూయించెను (లూకా 14:5). ఆ కాలపు కఠినులైన శాస్త్రులు సైతము ఆ పని చేస్తారని ఆయనకు తెలియును.

రెండవది: మనము మాంసము తినువారము గదా, మనకు ఈ మాట ఎందుకు? మాంసము తినుటకు దేవుడు ఆదికాండము 9:3లో సెలవిచ్చెను. కాని అదే అధ్యాయములో రెండు సంగతులు చేర్చెను. ప్రాణమునకు గురుతైన రక్తమును తినవద్దనెను. తరువాత నోవహుతో చేసిన నిబంధనలో పక్షులను, పశువులను, అడవి జంతువులను పేరు పెట్టి చేర్చెను. ధనుస్సు మేఘములో కనబడినప్పుడు అది మనకు మాత్రమే కాదు. బలికి తెచ్చే దూడను సైతము ఏడు దినములు తల్లి దగ్గర ఉండనియ్యమని లేవీయకాండము 22:27 చెప్పుచున్నది. బలి కాబోవు దూడకు ఏడు దినముల పాలు ఇచ్చిన దేవుడు, మన పాకలోని దున్నదూడకు ఒక చన్ను పాలైనా వదలుమని అడుగడా?

మూడవది: పేదలు ఇంతమంది ఉండగా కుక్కకు పెట్టుట పాపము కాదా? ఈ ప్రశ్నను పేదవారి నుండి నేను తక్కువగా విన్నాను. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథలో, గొర్రెపిల్లకు తన ముద్దలో ముద్ద పెట్టినవాడు దరిద్రుడే. మందలు ఉన్నవాడే దానిని లాగుకొనెను. మన ప్రాంతములో పత్తి తీతకు, మిరప కోతకు కూలికి పోయే ఒక విధవరాలు, రోడ్డు ప్రక్కన దొరికిన రెండు ఆడకుక్కపిల్లలను కొంగులో వేసుకొని ఇంటికి తెచ్చుకొన్నది. ఎందుకమ్మా అని అడిగితే ఆమె అన్నది: "అయ్యగారూ, దీన్ని తల్లి పారేయలేదండి. మనుషులే పారేశారు." ఆమె ఇంట అన్నము మిగిలేది కాదు. గంజి ఉండేది. ఆ గంజితోనే అవి పెరిగినవి.

పాదిరిగారు చెరసాలకు పోయిన సంగతి

మూగజీవుల మీద దయ చూపుట క్రొత్త నాగరికత అని, పట్నపువారి సరదా అని కొందరు అనుకుంటారు. సంఘ చరిత్ర అలా చెప్పుట లేదు. జాన్ వెస్లీ రోమా 8వ అధ్యాయము మీద ఒక ప్రసంగము ప్రచురించెను. సృష్టి యావత్తు మూలుగుచున్నదన్న మాటలో పశువులు కూడా ఉన్నవనియు, రాబోవు విడుదలలో వాటికి పాలున్నదనియు ఆయన బోధించెను.

1824 జూన్ 16న లండనులో ఒక కాఫీ హోటలులో కొందరు కూడుకొన్నారు. వారిని కూర్చినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిసల వ్యాపారమును ఆపుటకు పోరాడి 1807లో గెలిచిన విల్బర్‌ఫోర్స్ అందులో ఉన్నాడు. పశువులను హింసించుట నేరమని 1822లో చట్టము చేయించిన రిచర్డ్ మార్టిన్ ఉన్నాడు. ఆనాడు పుట్టిన జంతు హింసా నివారణ సంఘమునకు బ్రూమ్ మొదటి కార్యదర్శి. దాని పని కొరకు తన సంఘ బాధ్యతను విడిచిపెట్టెను. సంతలలో పశువులను కొట్టువారిని కనిపెట్టుటకు మనుషులను పెట్టి, వారి జీతము తన జేబులోనుండి ఇచ్చెను. ఆ సంఘపు అప్పులు తన మీద పడి 1826లో చెరసాలకు పోయెను. స్నేహితులు చందాలు పోగుచేసి విడిపించిరి. బానిస కొరకు కన్నీరు కార్చిన విల్బర్‌ఫోర్స్, బండి లాగే గుఱ్ఱము కొరకు కూడ అదే హృదయముతో నిలబడెను. మనుష్యుని ప్రేమించువానికి పశువు మీద దయ తగ్గదు.

మన దేశములో రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ గారి కృషి ఫలితముగా 1960లో జంతు హింసా నివారణ చట్టము వచ్చింది. ఆకలిదప్పులకు గురియగునట్లు పశువును విడిచిపెట్టుట ఆ చట్టములో నేరము. మొదటిసారి చేసినవానికి అది పెట్టిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు. మద్రాసులో 1959లో కెప్టెన్ సుందరం గారు బ్లూ క్రాస్ ప్రారంభించారు. కుక్కలను చంపుట మాని, వాటికి ఆపరేషన్ చేయించుటే మార్గమని 1964 నుండి వారు చేసి చూపించారు. తెలుగుదేశములో హైదరాబాదు బ్లూ క్రాస్‌ను అమల అక్కినేని గారు 1992లోను, విశాఖలోని సంస్థను ప్రదీప్ కుమార్ నాథ్ గారు 1996లోను ప్రారంభించారు. క్రైస్తవులము కాకపోయినా చూడనట్లు పోనివారు ఇందరు ఉండగా, ఆజ్ఞ పొందిన మనము వెనుకబడవచ్చునా?

దయకు తెలివి తోడు ఉండవలెను

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండ ఉండలేను. దయ అంటే రెండు పూటలు అన్నము విసరుట కాదు. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కరిచి చంపినవి. ఆ తల్లి దుఃఖము ముందు ఎవరూ తేలికగా మాట్లాడరాదు. మరుసటి సంవత్సరము, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామములో సుమారు 20 కుక్కలను రాత్రివేళ తుపాకులతో కాల్చి చంపిరి. బిడ్డ చావుకు అది ఓదార్పు కాలేదు. ఈ రెంటి వెనుక ఉన్న మూలము మన గోతాములే. ఒక ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. పారేసిన ఆడపిల్ల ఏడాదికే తల్లియై, ఆకలితో, బిడ్డల కొరకైన భయముతో వీధిలో తిరుగుతుంది.

రేబిస్, మనము పిచ్చికుక్క వ్యాధి అనేది, లక్షణములు కనబడిన తరువాత దాదాపు తప్పక చంపుతుంది. ప్రపంచములో దీనివలన చనిపోయేవారిలో మూడవ వంతుకు మించి మన దేశములోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క; వారిలో పిల్లలు ఎక్కువ. కాని సమయానికి టీకా వేయించుకొంటే ఈ చావు తప్పుతుంది. కనుక సంఘములోని ప్రతి ఇంటివారు ఇది గుర్తుంచుకొనవలెను. కుక్క కరిచినా, గీరినా, వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడగండి. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు పెట్టవద్దు. అదే దినమున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే పాతభయము మానండి. ఆ పాతమందు 2005 నాటికే మన దేశములో ఆగిపోయినది. ఇప్పుడు చేతికి వేస్తారు. డాక్టరుగారు చెప్పిన తేదీలలో ఒక్కటి కూడా మానవద్దు. గాయము లోతుగా ఉంటే గాయము దగ్గర వేరే మందు కూడా వేస్తారు.

ప్రార్థన చేస్తే చాలదా అని అడుగువారున్నారు. ప్రార్థన చేయండి. ఆసుపత్రికి పోయే ఆటోలో కూర్చుండి చేయండి. హిజ్కియా మొఱ్ఱ విన్న దేవుడే అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించెను.

ఇంటికి తెచ్చినవారు చేయవలసినవి

తెచ్చుకొని మూడు నెలలు ముద్దుచేసి, గజ్జి పట్టగానే రోడ్డు మీద వదలుట మొదటి పారవేతకన్న క్రూరమైనది. చేయగలిగినవారే తేవలెను. తెచ్చినవారు ఈ సంగతులు గమనించవలెను.

1. కండ్లు తెరవని పిల్లలను తల్లి నుండి తీయవద్దు. తల్లి దగ్గరలో ఉంటే దానికే అన్నము, నీళ్లు పెట్టండి.

2. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించండి. మరల ప్రతి సంవత్సరము. నులిపురుగుల మందు పట్టించండి.

3. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆ వసతి ఎక్కడున్నదో పశువుల డాక్టరుగారిని అడగండి. ఇది చేయించిన ఆడకుక్క ఇంటికి ఎంతమాత్రము భారము కాదు. మగకుక్క వలెనే కాపలా కాస్తుంది.

4. వీధికుక్కలకు టీకా, ఆపరేషన్ చేయించుట స్థానిక సంస్థల బాధ్యత అని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. సంఘపెద్దలు, యౌవనస్థులు కలిసి పంచాయతీకి అర్జీ వ్రాయండి. విషము పెట్టుటకు ఎవరూ చెయ్యి కలుపవద్దు.

5. పిల్లలు ఆడుకొనే చోట, బడి గేటు దగ్గర, ఆరాధనకు వచ్చే దారిలో కుక్కలకు అన్నము వేయవద్దు. ఒక మూలన స్థలము ఏర్పరచండి.

6. సండేస్కూలు పిల్లలకు నేర్పండి: తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లల తల్లిని ముట్టవద్దు, రాయి విసరవద్దు, తరిమితే పరుగెత్తక నిలబడండి.

7. దెబ్బతిన్న పశువు కనబడితే 1962 నంబరుకు ఫోను చేయండి. మన రాష్ట్రములో 2022లో ప్రారంభించిన సంచార పశువైద్య వాహనముల నంబరు ఇదే.

8. వరద మాట వినగానే మొదట కట్టుత్రాళ్లు విప్పండి. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదుగా పారుట, 2024 సెప్టెంబరు మొదట మరల మన ప్రాంతమంతా నీట మునుగుట మనము చూచితిమి. విప్పిన గేదె ఈదుతుంది. కట్టిన గేదె గుంజ దగ్గరే మునుగుతుంది.

వాకిట్లో నిలబడి చూచేవారు

చివరిగా తండ్రులకు ఒక మాట. ఆ తెల్లవారుజామున గోతాము మూతి కట్టేటప్పుడు, గుమ్మములో నిద్రకండ్లతో నిలబడిన మీ చిన్నబిడ్డను ఒకసారి చూడండి. "నాన్నా, వీటిని ఎందుకు పారేస్తున్నావు?" అని అడుగుతుంది. "ఆడవి గదమ్మా" అని మీరు మామూలుగా అంటారు. ఆ బిడ్డ కూడా ఆడపిల్లే. ఆ మాట ఆమె హృదయములో ఎక్కడికి పోయి కూర్చుంటుందో మీరు ఎరుగరు. కడుపులోని బిడ్డ ఆడో మగో చూడకూడదని 1994లో చట్టము చేయవలసి వచ్చిన దేశము మనది. కుక్కపిల్ల, మనుష్యుని బిడ్డ సమానము కాదు. బిడ్డ దేవుని స్వరూపమందు చేయబడినది. కాని తిరగేసి చూచి పనికిరాదని పక్కన పెట్టే అలవాటు చేతికి ఒకసారి పట్టినదంటే, అది కుక్కపిల్లల దగ్గర ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

యెహెజ్కేలు 16వ అధ్యాయములో దేవుడు యెరూషలేము సంగతి ఒక పసిబిడ్డ కథగా చెప్పుచున్నాడు. అది ఆడశిశువు. బొడ్డు కోయలేదు, నీళ్లు పోయలేదు, ఉప్పు రుద్దలేదు, గుడ్డ చుట్టలేదు. ఏ కన్నూ జాలిపడలేదు. పుట్టిన దినముననే బయలులో పారవేసిరి. ఆ దారిని పోవువాడు ఒకడు ఆగెను, రక్తములో పొర్లుచున్న ఆ బిడ్డను చూచెను, బ్రదుకుమని ఆజ్ఞాపించెను. ఆ బిడ్డ వలన ఆయనకు లాభమేమి? ఏమియు లేదు. మనలను ఆయన ఏ లాభము చూచి ఏరుకొనెను? మనము ఎవరికీ అక్కరలేనివారమై ఉండగా, చూచీ చూడనట్లు పోని దేవుడు మనకున్నాడు. ఆ కృప పొందిన ఇంటి ముందు ఒక ప్రాణి వణుకుచు నిలిచినప్పుడు, ఆ ఇంటివారికి ఏమి చేయవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనవలసినవి: కుక్కకాటుతో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ఆదరణ కొరకు, పశువైద్యులు, వారి సహాయకుల కొరకు, పాడి మీద బ్రతుకుచున్న కుటుంబముల కొరకు, మన ఇండ్లలోని ఆడబిడ్డలు ప్రేమింపబడి పెరుగుట కొరకు.

కరుణాసంపన్నుడగు దేవుడు మీ ఇంటిని, మీ పాకను, మీ పొలమును దీవించును గాక. ఆమేన్.